అంకెల బటన్ల మీద ఎర్రయ్య గొంతు

నాకు ఉద్యోగం వచ్చింది! మెడలో వేసుకునే కార్డు, దాని మీద నా పేరు, పేరు కింద ‘ఆడియో అసిస్టెంట్’. ఆసుపత్రిలో, స్పీచ్ థెరపీ విభాగంలో. మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట్లాడే దారి చూపించే చోటు అది. సబ్బవరం అవతల మా ఊళ్ళో, మా ఇంట్లో, డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. నాన్నకు ఫోన్ చేసి చెబితే, “ఆసుపత్రిలో పాటలేటే గౌరీ?” అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు మాత్రం సంతోషంగా చెప్పుకునేది కాదు.

కిందటేడు, వానలు వెనకబట్టిన రోజులు. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక గది తీసుకుని, తక్కువ ఖర్చులో కంప్యూటర్ మీద పాట చేసుకోవడం నేర్పేదాన్ని. ఏం కొనాలని అందరూ అడిగేవారు. కొత్తవేవీ వద్దనేదాన్ని. ఎవరో వాడి అమ్మేసిన లాప్‌టాప్ చాలు. పాటను ముక్కలుగా రికార్డు చేసి అతికించే సాఫ్ట్‌వేర్‌ను ‘డా’ అంటాం, అది ఉచితంగానే దొరుకుతుంది. మైక్‌నూ లాప్‌టాప్‌నూ కలిపే చిన్న డబ్బా ఉంటుంది, ఆడియో ఇంటర్‌ఫేస్. పీనాసితనం దాని దగ్గర మాత్రం పనికిరాదు. గది మోగకుండా గోడలకు ఫోమ్ బదులు బొంతలు. నా గదిలో నాలుగు గోడలకూ మా అమ్మ కుట్టినవే.

ఆ గదికి జాలరిపేట నుంచి ఇద్దరు వచ్చారు. చేపలమ్మే నూకాలమ్మ, ఆమె భర్త ఎర్రయ్య. ఆయన ఒడ్డు మీద వల లాగించే మనిషి. పడవ వెళ్ళి సముద్రంలో పెద్ద వల చుట్టి వస్తుంది, దాని రెండు తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. జనం రెండు బారులుగా నిలబడి లాగుతారు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు పట్టి ఆపాలో ఒకడు కేకతో, పాటతో చెప్పాలి. ఆ ఒకడు ఎర్రయ్య.

“ఈయన గొంతులో గెడ్డ లేసింది పాపా,” అంది నూకాలమ్మ. “సోమారం ఆపరేసను. గొంతుపెట్టె తీసేత్తారంట. మరింక మాటుండదంట.”

ఎర్రయ్య బొంతల్ని చూస్తున్నాడు. గొంతు అప్పటికే బొంగురు.

“నా కేక ఈ పెట్టెలో ఎట్టీగలవా?” అన్నాడు. “నాను పోయినా పరవాలేదు గానీ, బతికుండి ఒడ్డు మీద ఊరకనే కూకోడం నావల్ల కాదు.”

“పోయీది లేదు, ఏటీ లేదు. ముందు పాడు,” అంది ఆవిడ.

నేను నవ్వేశాను, వాళ్ళిద్దరూ నవ్వలేదు.

హెడ్‌ఫోన్ పెట్టాను. తాళం తప్పకుండా చెవిలో టిక్కు టిక్కుమనే శబ్దం వేస్తాం, దాన్ని క్లిక్ అంటారు. అదీ వేశాను. ఆయన నోరు తెరిచాడు, గాలి వచ్చింది. మళ్ళీ తెరిచాడు, దగ్గు వచ్చింది. క్లిక్ తీసేశాను. హెడ్‌ఫోన్ తీసేశాను. నిలబడమన్నాను.

“పేటంతా ఇనపడీలాగ అరుత్తావు గదా, ఇక్కడేటి పెళ్ళికూతుర్లాగ సిగ్గుపడిపోతన్నావు?” అంది నూకాలమ్మ.

“నోర్ముయ్యే,” అని ఆయన ఎలాగో మొదలెట్టాడు. రెండు కేకలు వచ్చాయి. మూడోదానికి నా మైక్ నేల మీదుంది. ఆయన కుడిచేయి తనకు తెలియకుండానే మైక్ వైరు పట్టుకుని లాగేసింది. స్టాండు పడి, మైక్ మూతి నొక్కుకుపోయింది. నాకున్నది ఆ ఒక్క కండెన్సర్ మైకే. ఊపిరి కూడా పట్టే సున్నితమైన మైక్ అది. మళ్ళీ పలకలేదు.

ఎర్రయ్య చేతిలో వైరు అలాగే ఉంది. “తాడనుకున్నాను తల్లీ,” అన్నాడు.

తాడు లేనిదే ఆ పాట లేదు. గదిలో కూర్చోబెడితే రాదు. ఆపరేషన్‌కు ముందు వల వేసేది శనివారం ఒక్కసారే. నా దగ్గర మిగిలింది చొక్కాకు తగిలించుకునే చిన్న కాలర్ మైక్. సముద్రపు గాలికి దానిలో హోరు తప్ప ఏమీ పట్టదు. పాత ఎలుగుబంటి బొమ్మ బొచ్చు కత్తిరించి మైక్‌కు తొడిగాను. గాలిని ఆపడానికి అమ్మే తొడుగులు కూడా బొచ్చువే. మైక్ ఆయన మెడ దగ్గర, ఫోన్ ఆయన బొడ్డు దగ్గర పంచె మడతలో.

“బావా, మెడలో ఆ ఎలకేటి?” అన్నాడు తాడు మీదున్న అప్పలకొండ. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎర్రయ్య కేక ఎత్తాడు, నవ్వులు ఆగిపోయాయి. అలల్ని చూస్తూ, తాడు బరువు చూస్తూ, ఎప్పటికప్పుడు అల్లుతూ లాగించాడు. “సేపలేమో సంద్రంలో, సోమరోడేమో తాడు మీద” అని అప్పలకొండను కూడా వదల్లేదు. వల ఒడ్డుకు చేరేసరికి గొంతు పూర్తిగా చెడిపోయింది. చివరి కేకల్లో గాలి మాత్రమే ఉంది. నేను ఫోన్ తీసుకుంటుంటే ఆయన నోరు కదిపాడు, ఏమన్నాడో నాకు వినపడలేదు.

సోమవారం ఆపరేషన్ అయింది. ఇప్పుడు మెడ ముందున్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు.

నేను రికార్డింగ్‌ను శుభ్రం చేసి, బాగున్న భాగాలు అతికించి, పొడుగాటి పాటగా కట్టాను. చాలా గర్వంగా ఉంది నాకు. ఆయన కాస్త కోలుకుని, మెడకు తెల్లగుడ్డ కట్టుకుని ఒడ్డుకు వచ్చిన రోజున స్పీకర్ తీసుకెళ్ళి పెట్టాను. ఆయన గొంతు ఒడ్డంతా వినపడింది. జనం లాగడం మొదలెట్టారు. కాసేపటికే చెదిరిపోయింది. అల వెనక్కి గుంజుతుంటే పాట లాగమంటోంది. వల నేలకు పట్టుకుంటే పాట పోతూనే ఉంది. ఒక బారు లాగింది, ఇంకో బారు ఆగింది, ఇద్దరు పడ్డారు.

“పెట్టెలో బావకి కళ్ళు లేవురా!” అని అరిచాడు అప్పలకొండ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఎర్రయ్యే లేచి వచ్చి స్పీకర్ ఆపేశాడు. తన గొంతును తన చేత్తో ఆపేసి, పడవ నీడలో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నూకాలమ్మ నా దగ్గరకొచ్చి, “ఒగ్గీ పాపా. నువ్వేటి సేత్తావు,” అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారం గదికి తాళం వేసి సబ్బవరం వెళ్ళిపోయాను. డిగ్రీ చదివి ఒక మనిషిని అతని మనుషుల ముందే రెండోసారి మూగవాణ్ణి చేశానని, పొలం గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

పాటకు కళ్ళు లేవు. కళ్ళున్న మనిషి అక్కడే ఉన్నాడు. ఇది తట్టడానికి నాకు అన్ని రోజులు పట్టింది.

వెనక్కి వచ్చి పాటను విడగొట్టాను. ఒక్కో కేక ఒక్కో ముక్క, దాన్నే శాంపిల్ అంటాం. ‘లాగు’ ఒకటి, ‘పట్టు’ ఒకటి, ‘వదులు’ ఒకటి, అప్పలకొండ మీది ఎగతాళి ఒకటి, మధ్యలో ఎవరో పిలిస్తే పలికిన ‘వత్తన్నానెహే’ ఒకటి. ఒక్కోదాన్నీ ఒక్కో బటన్ మీద పెట్టాను. మొదట ఫోన్ తెర మీదే పెడితే ఉప్పునీటి వేళ్ళకు తెర స్పందించలేదు. అందుకని కంప్యూటర్‌కు తగిలించే పాత అంకెల కీబోర్డు సంపాదించి, ప్లాస్టిక్ కవరు తొడిగి ఫోన్‌కు కలిపాను. బ్లూటూత్ స్పీకర్‌తో బటన్ నొక్కిన తర్వాత కేక కొంచెం ఆలస్యంగా వస్తోంది, ఆ జాప్యాన్ని లేటెన్సీ అంటాం. పాటలో ఎవరికీ తెలియని ఆ కాస్త ఆలస్యం తాడు మీద ఒక అలను పోగొడుతుంది. స్పీకర్‌కు వైరు వేశాను.

ఎర్రయ్య మొదట ముట్టుకోలేదు. నూకాలమ్మే తీసుకెళ్ళి ఒళ్ళో పడేసింది. “నొక్కితే నొక్కు, నేపోతే సంద్రంలో ఇసిరేయ్.”

నొక్కాడు. అల చూసి ఆగాడు. మళ్ళీ నొక్కాడు. తాడు కదిలింది.

వల వచ్చింది. అయినా ఇది గెలిచిన కథని చెప్పలేను. ఆ బటన్లలో ఉన్నవి ఒక్క శనివారపు మాటలు. కొత్త ఎగతాళి అల్లలేడు. అప్పలకొండకు ఆ పాత తిట్టు కంఠస్థం, అయినా ప్రతిసారీ నవ్వుతాడు. అది బావ కోసం నవ్వే నవ్వని అందరికీ తెలుసు, ఎర్రయ్యకూ తెలుసు.

ఒకరోజు నూకాలమ్మ బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. చివరిదాకా విని, “నా పేరేదీ పాపా ఇందులో?” అంది.

లేదు. తాడు మీద ఆమె పేరుతో పనేముంది? ఆయన చేత ఆ పేరు కూడా పలికించాలని అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. “నూకీ అని పిలిసీవోడు,” అంది. ఆ పేరు నాకు ఆరోజే తెలిసింది.

తర్వాత చెకప్‌కు వెళ్ళినప్పుడు, పేరు పిలిస్తే ఎర్రయ్య ‘వత్తన్నానెహే’ అనే బటన్ నొక్కాడట. థెరపీ మేడమ్ బయటికొచ్చి ఇది ఎవరు చేశారని అడిగారట. అలా నన్ను పిలిచారు. ఆపరేషన్‌కు ముందు మనిషి గొంతు దాచిపెట్టడం నా పని. మంచి మైక్ ఇస్తారు, బొంతలు నేనే తెస్తానన్నాను. పాట అడిగే ముందు, ‘ఇంట్లో ఎవర్ని ఏమని పిలుస్తారు?’ అని అడుగుతాను. తిట్టే పేర్లతో సహా అన్నీ పలికిస్తాను. ఎర్రయ్య దగ్గర నేను నేర్చుకున్నది ఇదే.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: అమ్మ (నాన్న చెప్పేసినా నేనూ చెప్పాలి). డిగ్రీ ఫీజు కట్టిన పెద్ద మావయ్య. నాకు ‘డా’ నేర్పిన సీనియర్. గది ఓనరు. అప్పలకొండ బాబాయ్. నూకాలు పిన్ని.