సువార్తమ్మ ములాఖత్తు

కనకలక్ష్మీ అని పిలిస్తే సువార్తమ్మ మొదటిసారికి పలకదు. రెండోసారి గట్టిగా అరిస్తే అప్పుడు "ఆఁ, వస్తున్నానండీ" అంటుంది. విజయవాడలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా చేరి ఇరవై రెండేళ్లయినా ఆ పేరు ఆమెకి ఒంటబట్టలేదు. ఆధార్‌లో, సర్వీసు రిజిస్టరులో, ఎస్సీ సర్టిఫికెట్టులో ఆమె కనకలక్ష్మి. ఇబ్రహీంపట్నంలో తను పుట్టిన పేటలో, చర్చిలో, చచ్చిపోయిన మొగుడి నోట్లో మాత్రం సువార్తమ్మే.

ఇదేదో మోసమని మూతి విరిచేవాళ్లు కాస్త ఆగాలి. బాప్తిస్మం తీసుకున్నాడు కదా అని ఆమె తండ్రిని ఏ ఆసామీ అరుగు మీద కూర్చోబెట్టలేదు. పొలంలో ఎత్తి దోసిట్లో పోసే మంచినీళ్లు అలాగే ఎత్తి పోశారు. సర్కారు లెక్కలో మాత్రం చర్చి గుమ్మం తొక్కగానే ఆ అంటరానితనం మాయమైపోతుంది. ఊరు ఒప్పుకోని ఆ వింతని కాగితం ఒప్పుకుంటుంది. అందుకే పేటలో సగం మందికి రెండేసి పేర్లు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

కూతురికి మాత్రం ఈ రెండు పేర్ల బతుకు వద్దని సువార్తమ్మ పంతం పట్టింది. మిషన్ స్కూల్లో చేర్చేటప్పుడు పిల్ల పేరు రూతు, తల్లి పేరు సువార్తమ్మ, మతం క్రైస్తవం అని రాయించి, ఏదో ఘనకార్యం చేసినట్టు తలెత్తుకుని వచ్చింది. ఆ ఘనకార్యాన్ని రూతు అనుభవించింది. తోటి పిల్లలకి వచ్చిన సీట్లు, ఉద్యోగాలు ఆ పిల్లకి రాలేదు.

"నువ్వు మాత్రం కనకలక్ష్మివై కుర్చీ పక్కన నిలబడ్డావ్. నన్ను రూతుని చేసి రోడ్డు మీద నిలబెట్టావ్" అని రోజూ ఇంట్లో పోట్లాటే. మొగుడు వదిలేశాక రూతు, నాలుగేళ్ల కూతురు అక్షయని తల్లి ఒళ్లో పడేసి, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లిపోయింది. విమానం ఎక్కే ముందు కూడా తల్లితో సరిగ్గా మాట్లాడలేదు.

రెండో ఏడు ఆ ఇంటివాళ్ల దెబ్బలు పడలేక పారిపోయింది. గొలుసు ఎత్తుకెళ్లిందని వాళ్లు కేసు పెట్టారు. మూడేళ్ల జైలు. అక్కడ మనవాళ్లకి సాయం చేసే ఫరహత్ అనే విజయవాడ పటమట ఆవిడ ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది.

"నాతో మాట్లాడిస్తారా అమ్మా?" అని ఏడ్చింది సువార్తమ్మ.

"ఫోన్లు లేవండీ. ములాఖత్ ఒక్కటే. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, అంతే. అదీ ముందుగా పేరు పంపి అనుమతి తీసుకోవాలి."

సువార్తమ్మ ఆదరాబాదరాగా పాస్‌పోర్టు తీయించి పేరు పంపింది. పది రోజుల్లో ఆ దరఖాస్తు తిరిగొచ్చింది. ఖైదీ పాస్‌పోర్టులో తల్లి పేరు సువార్తమ్మ. ఈ కనకలక్ష్మి ఎవరు?

కన్నతల్లివి కావు పొమ్మని ముక్కూమొహం తెలియని జైలు గుమాస్తా చెప్తే సువార్తమ్మకి ఒళ్లు మండిపోయింది. ఫరహత్‌తో అరిచింది. ఆవిడ ఓపిగ్గా విని, "రెండు పేర్లూ మీవేనని పాత కాగితం ఏదైనా ఉందాండీ? నోటరీ చాలదంట. దాని మీద గవర్నమెంటు ముద్ర కావాలి. మీ ఆఫీసువాళ్లే వేసివ్వొచ్చు" అంది.

రెండు పేర్లూ ఒక్కచోట ఉన్న కాగితం భూప్రపంచంలో ఒక్కటే. పాత పేరు పక్కనే కొత్త పేరు రాసే చర్చి బాప్తిస్మం పుస్తకం.

పాస్టరు గారు ఆ పుస్తకం బీరువాలోంచి తియ్యలేదు. "ఇందులో ఎంతమంది ఉద్యోగస్తులున్నారో నీకు తెలుసుగా. ఇది బయటికెళ్తే నీ ఒక్కదాంతో పోదమ్మా."

"నా ఒక్క వరసే రాసివ్వండయ్యా."

"నీ దాకా వచ్చినోళ్లు పక్క వరస దాకా రారా?"

"నా బిడ్డ జైల్లో ఉంది. మీ పక్క వరసల సంగతి నాకెందుకు?"

రాసిచ్చాడు. ఆ ఆదివారం నుంచి చర్చిలో ఆమె కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. నిన్నటిదాకా వదినా అని పిలిచిన ఆడవాళ్లు పంపు దగ్గర మొహం తిప్పుకున్నారు. సువార్తమ్మ వాళ్లని మనసులో బూతులు తిట్టుకుంటూ ఆఫీసుకి బస్సెక్కింది.

సూపరింటెండెంటు దుర్గాప్రసాద్ ప్రతి సోమవారం "నిన్న ఎక్కడికెళ్లావ్ కనకలక్ష్మీ?" అని నవ్వే మనిషి. ఆ నవ్వంటే ఆమెకి కంపరం. కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"ఇరవై రెండేళ్లు మా కళ్లు గప్పావన్నమాట."

"నా పిల్లని చూడాలండి. ముద్ర వెయ్యండి."

"ఇంకొకళ్ల ఉద్యోగం తిని కూర్చున్నావ్. సిగ్గనిపించలేదా?"

"మీ అమ్మాయి పెళ్లికి నాకు షెడ్డు వెనకాల వడ్డించారండి, బయట ఎంగిలాకుల పక్కన. నేను చర్చికెళ్తానని మీకు తెలుసుగా. మరి క్రిస్టియన్నేలే అని లోపల కూర్చోబెట్టారా?"

దుర్గాప్రసాద్ మొహం కందగడ్డలా అయింది. కాసేపు ఫైళ్లు అటూఇటూ కదిపాడు. "వెనక్కి తీసుకో. నేనిది చూళ్లేదనుకుంటా" అన్నాడు చివరికి. జాలిపడే అన్నాడో, పెళ్లి మాట అక్కడితో ఆగాలనే అన్నాడో.

"తీసుకోనండి" అంది సువార్తమ్మ.

వారం తర్వాత ఒకే రోజు రెండు కాగితాలు ఇచ్చారు. రెండు పేర్లూ ఒకే మనిషివని ధ్రువపత్రం ఒకటి. తప్పుడు సర్టిఫికెట్టుతో ఉద్యోగం పొందినందుకు విచారణ, అది తేలేదాకా సస్పెన్షన్ అని ఇంకోటి. రెండింటి మీదా ఒకటే ముద్ర. రెండో కాగితం మడిచి బొడ్లో దోపుకుని, మొదటిది ఫరహత్‌కి పంపింది. అనుమతి వచ్చింది. అక్షయని పక్కింటి రావమ్మకి అప్పజెప్పి, చెవులవి అమ్మి టిక్కెట్టు కొనుక్కుంది.

ములాఖత్ ఇరవై నిమిషాలు. మధ్యలో అద్దం, మాట్లాడుకోవడానికి అటొక రిసీవరు, ఇటొక రిసీవరు. రూతు సగమైపోయింది. రిసీవరు ఎత్తగానే అంది.

"ఎందుకొచ్చావ్? పాప ఎవరి దగ్గరుంది?"

"రావమ్మ దగ్గరుందే."

"పరాయిదాని దగ్గర పడేసొచ్చావా? బుద్ధుందా నీకు?"

అక్కడ మొదలుపెట్టి ఆపలేదు. స్కూలు గురించి, రాని సీట్ల గురించి, తల్లి పంతం గురించి, ఇన్నేళ్లుగా అన్నవీ అననివీ అన్నీ తిట్టింది. మామూలుగా అయితే సువార్తమ్మ ఒకటికి నాలుగు అప్పజెప్పేది. ఆ రోజు తిడుతున్నంతసేపూ కూతురి గొంతు వింటూ కూర్చుంది. ఎండిన కొమ్మల్లా ఉన్న ఆ చేతుల్ని చూస్తుంటే ఆమెకి దుఃఖం ఆగలేదు.

గార్డు వచ్చి గడియారం చూపించాడు. రూతు గబగబా మొహం తుడుచుకుంది.

"అమ్మా, నా సంగతి వదిలెయ్. పాపని మిషన్ స్కూల్లో వెయ్యకు. దాన్ని నాలాగా చెయ్యకు. నువ్వు ఆఫీసులో కనకలక్ష్మివేగా. ఆ కాగితాలన్నీ చూపించి, రేపు దానికైనా ఎస్సీ సర్టిఫికెట్టు తీయించు. తీయిస్తావా? మాటివ్వు."

ఆ కాగితాలిప్పుడు విచారణలో ఉన్నాయన్న మాట సువార్తమ్మ ఎత్తలేదు.

"తీయిస్తానే" అంది.

ఆ మాట విన్నాక రూతు నవ్వింది. ఆ ఇరవై నిమిషాల్లో నవ్వడం అదొక్కసారే.