ఆరో తేదీన అందినట్టు

2022 జూన్ ఆఖరులో కర్ణాటకలో పావగడ తాలూకాలోని ఒక సబ్ పోస్టాఫీసుకు సబ్ పోస్ట్‌మాస్టర్‌గా బదిలీ మీద చేరాను. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు. ఆఫీసు పేరు రాయను. ఇందులో వచ్చే మనుషులు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

సబ్ ఆఫీసు కింద పల్లెల్లో బ్రాంచి ఆఫీసులుంటాయి. ఒక్కో దానికి ఒక బ్రాంచి పోస్ట్‌మాస్టర్. ఆయన పూర్తికాలపు ప్రభుత్వోద్యోగి కాదు, గ్రామీణ డాక్ సేవకుడు. రోజుకు నాలుగైదు గంటల పని. పొద్దున తపాలా మాకు చేరగానే ఊళ్ల వారీగా విడదీసి, ఒక్కో బ్రాంచికి ఒక సంచి కట్టి, అందులో రిజిస్టరు ఉత్తరాల జాబితా పెట్టి బస్సులో పంపేవాళ్లం. అక్కడ ఆయన పంచి, చేతిలోని ఫోనులో ఒక్కో ఉత్తరానికి ‘అందజేయబడింది’ అని నమోదు చేయాలి. తీసుకున్నవాళ్లు ఆ ఫోను తెర మీదే వేలితో సంతకం పెడతారు. తపాలాలో ఆ నమోదే సాక్ష్యం. కోర్టయినా, కస్టమ్స్ అయినా ఆ తేదీనే చూస్తుంది.

మా బ్రాంచి ఊళ్లలో ఒకదాని పొలాలు చాలామటుకు సోలార్ పార్కు కిందికి పోయాయి. అమ్ముకోలేదు, లీజుకిచ్చారు. సేద్యం లేనప్పుడు ఊళ్లో ఏం పని అని సగం ఇళ్లవాళ్లు పావగడకు మారిపోయారు. ఆధార్, రేషన్ కార్డు మాత్రం పాత ఊరి చిరునామాతోనే ఉండేవి. రేషన్ ఎక్కడైనా తీసుకోవచ్చని తర్వాత చెప్పినా, వాళ్లు అలవాటు కొద్దీ నెలకొకసారి ఊరి సొసైటీ అంగడికే వచ్చి బియ్యం, రాగులు తీసుకుని వెళ్లేవాళ్లు.

ఆ ఊరి బ్రాంచి పోస్ట్‌మాస్టర్ హనుమంతరాయప్ప. ముప్పై ఏళ్ల సర్వీసు. ఊరు వదిలినవాళ్ల ఉత్తరాలన్నీ ఆయన ఒక బట్ట సంచిలో దాచి, రేషన్ ఇచ్చే రోజున అంగడి ముందర గట్టు మీద కూర్చుని పేరు పేరునా పిలిచి ఇచ్చేవాడు. జనానికి అది సౌకర్యంగా ఉండేది. ఒక్క ఉత్తరమూ పోలేదు. అయితే ఉత్తరం వచ్చిన రోజే ఫోనులో ‘అందజేయబడింది’ అని కొట్టి, తెర మీద తనే ఒక గీత గీసేవాడు.

ఇది నాకు చేరిన నెల రోజుల్లోనే తెలిసింది. రిజిస్టరు ఉత్తరం ఇవ్వలేకపోతే అదే రోజు కారణం నమోదు చేసి, చిరునామాదారుకు తెలియజేసి, ఏడు రోజుల తర్వాత వెనక్కి పంపాలి. అది నియమం. అలా చేస్తే ఆ ఊరి ఉత్తరాలు సగం వెనక్కి పోతాయి. పైగా పెండింగు ఎక్కువ కనిపిస్తే డివిజన్ ఆఫీసు నుంచి నాకు ఫోను వస్తుంది. అందుకని నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆదివారం మా చర్చిలో సంఘ పెద్దగా నిలబడి అబద్ధసాక్ష్యం గురించిన ఆజ్ఞ చదివేవాణ్ణి. సోమవారం ఆఫీసులో ఆ గీతల సంతకాలు చూసేవాణ్ణి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

సెప్టెంబరు 23, శుక్రవారం. పదకొండు గంటలప్పుడు వెంకటరెడ్డి అనే రైతు, ఆయన కూతురు లావణ్య ఆఫీసుకు వచ్చారు. పావగడకు మారిన కుటుంబాల్లో వాళ్లదొకటి. ఆ అమ్మాయి తుమకూరులో డిగ్రీ చదువుతూ ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. కాలేజీలో ఎన్.సి.సి.లో మొదలుపెట్టి రాష్ట్ర పోటీల దాకా వచ్చింది. ఆమె చేతిలో కస్టమ్స్ వాళ్ల నోటీసు ఉంది. ముందు రోజే రేషన్ అంగడి దగ్గర హనుమంతరాయప్ప ఇచ్చాడట.

“తుపాకీ తెప్పించినారా రెడ్డీ?” అని మా పోస్ట్‌మ్యాన్ నవ్వుతూ అడిగాడు.

“తుపాకీ యాడిది సామీ, తుపాకీ పట్టుకునే కట్టె. అన్నం కుడిచేత్తో తినమని చిన్నప్పటినుంచి తిట్టి తిట్టి నేర్పించినాం. తుపాకీ మాత్రం ఎడమచేత్తోనే పట్టుకుంటాది ఈయమ్మ!” అన్నాడు వెంకటరెడ్డి.

లావణ్య ఆ మాటకు నవ్వలేదు. విషయం తనే చెప్పింది. క్లబ్బులో ఉన్న రైఫిళ్లన్నీ కుడిచేతి వాళ్లవి. ఎడమచేతి వాళ్లకు చెక్క పిడి వేరే ఆకారంలో ఉండాలి. ఆమె కోచ్ దగ్గర ఒకప్పుడు నేర్చుకున్నతను జర్మనీలో ఉన్నాడు. అతను తన పాత ఎడమచేతి పిడిని, గురి చూసే సైటును పార్సిల్‌లో పంపాడు. పార్సిల్ మీద అంటించే కస్టమ్స్ ఫారంలో ఉన్నదున్నట్టు రాశాడు. బొమ్మ అనో, చెక్క వస్తువు అనో రాయలేదు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. ఆటకోసం వాడేదైనా సరే, తుపాకీకి చెందిన భాగం విదేశం నుంచి తపాలాలో వస్తే నేరుగా ఇంటికి రాదు. బెంగళూరులో విదేశీ తపాలా విడదీసే ఆఫీసులో కస్టమ్స్ అధికారులు దాన్ని ఆపుతారు. ఎవరికోసం, ఏ ఆటకోసం, ఏ అనుమతితో అని అడుగుతూ చిరునామాదారుకు రిజిస్టరు నోటీసు పంపుతారు. క్రీడాసంఘం ఉత్తరం, గుర్తింపు కాగితాలు, మిగతా అనుమతులు గడువులోగా ఇస్తే పరిశీలిస్తారు. ఇవ్వకపోతే పార్సిల్ పంపినవాళ్లకే తిరిగి పోతుంది. ఇందులో అన్యాయం ఏమీ లేదు. ఆయుధాల విషయంలో అంత జాగ్రత్త ఉండాల్సిందే.

లావణ్య దగ్గర కాగితాలన్నీ ఉన్నాయి. క్రీడాసంఘం ఉత్తరం నెల కిందటే తెచ్చుకుంది. కానీ నోటీసులో గడువు అందిన రోజు నుంచి పదిహేను రోజులు. మా నమోదు ప్రకారం నోటీసు ఆమెకు అందింది సెప్టెంబరు ఆరో తేదీన. అంటే గడువు ఇరవై ఒకటినే అయిపోయింది.

“సార్, ఆరో తేదీన నేను తుమకూరులో క్లాసులో ఉన్నా. ఈ సంతకం నాది కాదు” అంది ఆమె, నా కంప్యూటరు తెర మీద ఆ గీతను చూపిస్తూ. నవంబరులో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు. జూనియర్ విభాగంలో ఆమెకు అదే చివరి ఏడాది. ఆ పిడి ఇప్పుడొస్తే దానికి చెయ్యి అలవాటు చేసుకునే సమయం ఉంటుందని, లేకపోతే లేదని చెప్పింది.

నేను ఆమె ముందే బెంగళూరుకు ఫోను చేశాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. నోటీసు నిజంగా ఏ తేదీన అందిందో పోస్ట్‌మాస్టర్ రాసి, సంతకం చేసి పంపితే ఆ తేదీ నుంచే గడువు లెక్క వేస్తామన్నాడు. పార్సిల్ అప్పటికే తిరిగి పంపే జాబితాలో ఉందని, వచ్చే వారం సంచి కడతారని, కాగితం త్వరగా పంపమని చెప్పాడు.

రాయవలసింది ఒక్క వాక్యం. ఆరో తేదీన అందినట్టు నమోదైనా, నిజానికి ఇరవై రెండున అందింది. ఆ వాక్యం రాస్తే హనుమంతరాయప్పను పని నుంచి పక్కన పెడతారు. సంతకం కల్పించడం మా శాఖలో చిన్న తప్పు కాదు. సోమవారం రమ్మని వాళ్లిద్దరినీ పంపేశాను.

మధ్యాహ్నం హనుమంతరాయప్పను పిలిపించాను. ఆయన దాచలేదు.

“గీత నేనే గీసినా సార్. అందరివీ నేనే గీస్తా. పెండింగు చూపిస్తే ‘ఏంది హనుమంతరాయప్పా, నీ ఊరిదే ఎక్కువుండాది’ అని మీరే కదా ఫోను చేసేది?”

అది నిజమే. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

“నాకు ఇంకా నాలుగేండ్లు సర్వీసు ఉండాది. ఆయమ్మ ఊర్లో లేదు, వాళ్ల చిన్నాయన తీసుకుని ఇయ్యడం మర్చిపోయినాడని రాసేయండి సార్. వాళ్ల చిన్నాయనకు నేను చెప్పుకుంటా. మనూరోడే, కాదనడు.”

అలా రాయనని చెప్పాను. అంతవరకు సరిగానే ఉన్నాను. అయితే నిజం కూడా రాయలేదు. ప్రార్థన చేసి నిర్ణయం తీసుకుంటానని ఆయనతో అన్నాను. ఆయన చేతులు జోడించి వెళ్లిపోయాడు.

నేను పుట్టి పెరిగింది క్రైస్తవ సంఘంలో. మా నాన్న సంఘ పెద్ద, తర్వాత నేను. పెద్ద పని ఏదైనా దేవుని ముందు పెట్టకుండా చేయకూడదని మాకు నేర్పారు. ఇప్పటికీ అదే నమ్ముతాను. శుక్రవారం సాయంత్రం మోకరించి దారి చూపమని అడిగాను. శనివారం ఉపవాసం ఉన్నాను. శనివారం ఆఫీసు తెరిచే ఉంది. ముద్ర, కంప్యూటరు నా బల్ల మీదే ఉన్నాయి.

ఆదివారం ఆరాధన తర్వాత మా పాస్టరు అయ్యగారితో, ఉద్యోగంలో ఒక నిర్ణయం ఉంది, ప్రార్థించండి అని మాత్రం చెప్పాను. నిర్ణయం ఏమిటో చెప్పలేదు. ఆయనా అడగలేదు. సంఘమంతా నిలబడి నాకోసం ప్రార్థించింది. నాకు మనసు తేలికైంది. ఆ తేలికనే దేవుని జవాబు అనుకున్నాను. హనుమంతరాయప్పకు శిక్ష తక్కువ పడేలా పై అధికారులతో మాట్లాడి, ఆ తర్వాతే కాగితం రాద్దామని ఇంటికెళ్లాను.

సోమవారం పొద్దున మా ఇన్‌స్పెక్టరుకు ఫోను చేశాను. ఆయన అంతా విని, “ఇది మీకు శుక్రవారమే తెలుసా?” అని అడిగాడు. తెలుసన్నాను. “అయితే శుక్రవారమే ఎందుకు రాయలేదు?” అన్నాడు. పదకొండున్నరకు కాగితం రాసి, ముద్ర వేసి, మెయిల్‌లో బెంగళూరుకు పంపి ఫోను చేశాను. తిరుగు సంచి ఆ ఉదయమే కట్టి పంపేశామని చెప్పారు. శనివారం వచ్చి ఉంటే ఆ పార్సిల్ పక్కన పెట్టేవాళ్లమని కూడా అన్నారు.

లావణ్య, వెంకటరెడ్డి పన్నెండింటికి వచ్చారు. పార్సిల్ వెళ్లిపోయిందని చెప్పాను. ఎప్పుడు కాగితం పంపారని ఆమె అడిగింది. పదకొండున్నరకన్నాను.

“ఈ పొద్దా సార్?” అంది.

అవునన్నాను. వెంకటరెడ్డి కోపంగా ఏదో అనబోతే ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, “రా నాయినా, బస్సు టైమయింది” అంది. ఇద్దరూ వెళ్లిపోయారు. కావాలంటే ఫిర్యాదు చేయమని ఫారం తీసి బల్ల మీద పెట్టాను గానీ వాళ్లు వెనక్కి చూడలేదు.

విచారణ నేను రాసిన కాగితం మీదే జరిగింది. హనుమంతరాయప్పను తీసేశారు. పర్యవేక్షణ లోపానికి నాకు లిఖితపూర్వకంగా మందలింపు వచ్చింది. ఆయనకు పడిన దాంతో పోలిస్తే అది ఏమీ కాదు. విచారణలో ఆయన నా పేరు ఎత్తలేదు. నేనే చెప్పాను, ఆ అలవాటు నాకు ముందే తెలుసునని. అది రికార్డులో ఉంది.

పిడి జర్మనీకి చేరి, మళ్లీ అనుమతులతో పంపే సరికి నవంబరు దాటిపోతుందని కోచ్ వద్దన్నాడట. లావణ్య క్లబ్బు రైఫిల్‌తోనే ఎంపిక పోటీలకు వెళ్లింది. జాబితాలో ఆమె పేరు రాలేదు. ఆ తర్వాత ఆట మానేసిందని వెంకటరెడ్డి ఒకసారి పావగడ బస్టాండులో కనిపించినప్పుడు చెప్పాడు. కోపంగా చెప్పలేదు. ఎవరైనా అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

హనుమంతరాయప్ప మీద జాలితోనే ఆలస్యం చేశానని చాలాకాలం అనుకున్నాను. ఆ జాలి ఆయనకూ పనికిరాలేదు. శుక్రవారం రాసినా సోమవారం రాసినా ఆయనకు పడే శిక్ష ఒక్కటే. ఆ అమ్మాయికి మాత్రం ఆ మూడు రోజులే ముఖ్యం. ఆ లెక్క శుక్రవారం మధ్యాహ్నానికే నాకు అర్థమై ఉండాలి.

ప్రార్థన మీద నాకున్న నమ్మకం ఇందువల్ల తగ్గలేదు. తెలియనిది తెలుసుకోవడానికి, చేయలేనిది చేయడానికి బలం కోసం దేవుణ్ణి అడగాలి. నోటీసు ఏ తేదీన అందిందో నాకు శుక్రవారమే తెలుసు. దాని గురించి అడగవలసింది ఏమీ లేదు. ఆఫీసులో మనకు తెలిసిన నిజాన్ని ఆ రోజే రాసి, సంతకం పెట్టి, పంపాలి. ప్రార్థన ఆ తర్వాత.