గాలికి దాహం లేని రోజు

కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోయగానే లోపలి నుంచి సన్నని చప్పుడు వస్తుంది, మట్టి గుటకలు వేస్తున్నట్టు. దాని వెనకే ఆ వాసన. ఈ వేసవిలో గన్నవరంలోని మా ఇంట్లో, వంటింటి కిటికీ పక్కన కుండ పెట్టినప్పుడు కూడా అదే వాసన వచ్చింది. ఫ్రిజ్ ఉండగా ఇదెందుకని మా ఆవిడ అడిగింది. నేను కుండ పొట్టకు అరచెయ్యి ఆనించి, తడి ఎప్పుడు పైకి వస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. అలా నిలబడటం నాకు నేర్పింది గ్రేసమ్మ టీచరు గారు. ఆవిడ పేరు తలుచుకుంటే ముందు కోపమే వస్తుంది. ఆవిడ ఇక లేరన్న సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది.

భవానీపురంలో ఆవిడ ఇంటి పై వాటాలో అద్దెకుండేవాణ్ణి. అప్పటికి పెళ్లి కాలేదు, ఒక బీమా ఆఫీసులో గుమాస్తాను. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. మా వీధిలో కరెంటు పోతే వెళ్లి నిలదీసేది నేను. కుళాయి నీళ్ల రంగు మారితే సీసాలో పట్టి తీసుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టేది నేను. అందుకు నాకు సిగ్గేమీ లేదు, అడక్కపోతే ఏదీ బాగుపడదు. కానీ టీచరు గారి దగ్గర నా ఫిర్యాదు ఎప్పుడూ ముందుకు సాగేది కాదు. "ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందండీ" అని కిందికి దిగితే, "ఎందుకంటారు?" అనేవారు. నేను వెళ్లింది ఫ్యాను సంగతి చెప్పడానికి గానీ పరీక్ష రాయడానికి కాదు. అయినా మళ్లీ మెట్లెక్కి చూసి రావాల్సి వచ్చేది. కెపాసిటర్ నీరసిస్తే ఫ్యాను మందగిస్తుందనీ, మూతలో రబ్బరు గట్టిపడితే కుక్కర్ కూత పెట్టదనీ నాకు తెలిసింది ఆ మెట్ల మీద ఎక్కుతూ దిగుతూనే.

ప్రతి ఎండాకాలం ఆవిడ గేటు ముందు తాటాకు పందిరి వేయించి చలివేంద్రం నడిపేవారు. ఒక ఏడు మా వీధి చివర పెయింట్ల షాపు యజమాని కుండలు తానిస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. ఊరికే ఇస్తే షాపు సంగతి జనానికి ఎలా తెలుస్తుంది? ప్రతి కుండకూ నీలం ఎనామిల్ నున్నగా పూయించి, మీద తెల్లటి అక్షరాలతో తన పేరు రాయించాడు. ఎంత ముచ్చటగా ఉన్నాయో అని అందరూ మెచ్చుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఆ నీళ్లు స్నానానికి పనికొచ్చేలా ఉన్నాయి.

"మట్టి కల్తీదండీ. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద కలిపి చేసుంటాడు. ఆ కుమ్మరిని ఇవాళే అడిగేస్తా" అన్నాను పందిరి కింద, నలుగురిలో.

టీచరు గారు తలైనా ఎత్తకుండా గ్లాసులు కడుగుతున్నారు. "మీరు ఫిర్యాదు చెయ్యడంలో ఫస్టు క్లాసండీ. చూడటంలో మాత్రం సప్లిమెంటరీ" అన్నారు.

నలుగురూ నవ్వారు. నవ్విన మొహాలు నాకింకా గుర్తున్నాయి.

ఆ ఆదివారం ఆవిడ వరండాలో నీలం కుండ పక్కనే రంగు లేని కుండ పెట్టి, రెండింటిలో నీళ్లు పోసి, నన్ను కుర్చీ వేసుకుని కూర్చోమన్నారు. పడమటి నుంచి వడగాలి కొడుతోంది. నీలం కుండ పైన పొడిగా మెరుస్తూనే ఉంది. రెండోది మెల్లగా చెమర్చింది, సాయంత్రానికి చెయ్యి పెడితే జిల్లుమంది.

"చెమట పట్టినప్పుడు గాలి తగిలితే హాయిగా ఉండదూ? తడి ఆవిరై పోతూ పోతూ వేడిని పట్టుకుపోతుంది. కుండ చల్లబడేదీ అంతే. పాపం, దీనికి మీ పెయింట్లాయన రెయిన్‌కోటు తొడిగాడు."

"ఆయనకి ఎవరు చెప్తారండీ?"

"మీరుండగా ఇంకెవరండీ!"

వెళ్లాను. "నా పేరు చెరిపేస్తావా?" అని ఆయన మండిపడ్డాడు. పందిరి మీద బోర్డు పెట్టుకోండి, దూరం నుంచి కూడా కనబడుతుంది అన్నాను. ఒప్పుకునేదాకా షాపులోంచి కదల్లేదు. మర్నాటికి రంగు లేని కుండలు వచ్చాయి.

కొన్నాళ్లకు ఒక జల్లు పడి వెలిసింది. విపరీతమైన ఉక్కపోత. చలివేంద్రంలో కుండలన్నీ వెచ్చగానే ఉన్నాయి. ఈసారి ముందే అన్నీ చూసుకుని టీచరు గారి దగ్గరికి వెళ్లాను. "మీ రంగు లేని కుండ కూడా ఫెయిలైందండీ. బయట తడి ఉంది, ఆరట్లేదు. వడగాలి రోజున ఆరేది. ఇవాళ సముద్రం వైపు నుంచి వస్తోంది గాలి, దాన్నిండా నీళ్లే. ఇక ఈ తడి ఎక్కడికి పోతుంది?"

ఆవిడ కుండ మీద చెయ్యి పెట్టి చూసి, లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం పందిరి కింద ఎవరో నీళ్లు వెచ్చగా ఉన్నాయంటే, "ఇవాళ గాలికి దాహం లేదండీ, కడుపునిండా తాగే వచ్చింది" అన్నారు. ఎంత బాగా చెప్పారండీ అని అందరూ ఆవిణ్ణే మెచ్చుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, చేతిలో గ్లాసుతో. ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. మీరు చెప్పింది నిజమేనండీ అనే ఒక్క మాట కోసం ఆ వేసవంతా ఎదురుచూశాను. రాలేదు. తర్వాత గన్నవరం బదిలీ అయి సామాను ఎత్తించేటప్పుడు గేటు దాకా వచ్చి, "వెళ్లొస్తారా?" అన్నారు. "వెళ్తానండీ" అన్నాను. వస్తానని కావాలనే అనలేదు. ఆవిడకు తెలిసింది, మొహంలో కనిపించింది.

ఆవిడ ఉండగా మళ్లీ ఆ వీధిలో అడుగుపెట్టలేదు. ఆవిడ పోయిన కబురు కూడా నాకు ఆలస్యంగానే అందింది. పోయినేడు వేసవిలో వేరే పని మీద భవానీపురం వెళితే, పందిరి అక్కడే ఉంది. ఆవిడ తమ్ముడి కూతురట, నీళ్లు పోస్తోంది. ఒళ్లంతా జిడ్డు కారే రోజు. నా ముందున్నాయన, "ఏంటమ్మా, చల్లగా లేవే?" అన్నాడు.

"ఇవాళ గాలికి దాహం లేదండీ. ఇది మా పై వాటా ఆయన కనిపెట్టింది" అంది ఆ అమ్మాయి.

నేను ముందుకు జరిగాను. "ఎవరమ్మా ఆయన?"

"ఎవరోనండీ, నేను చూళ్లేదు. ఉక్కపోసినప్పుడల్లా మా అత్త తలుచుకునేది. 'కుండ పాఠం ఎంతమందికో చెప్పానే, ఉక్కపోత రోజున వచ్చి నన్ను నిలదీసింది మాత్రం ఆయనొక్కడే' అనేది. ఆ వాటా మళ్లీ ఎవరికి అద్దెకిచ్చినా, 'ఆయనలా అడగరే వీళ్లు' అని సణిగేది."

"పేరు చెప్పలేదా?"

"లేదండీ. పై వాటా ఆయన అనే అనేది."

నాకు ఒళ్లు మండింది. ఊరందరికీ చెప్పిన మాట నా మొహాన ఒక్కసారి చెబితే ఆవిడకేం పోయేది? నాకొక పేరుంది కదా? ఇదంతా మెట్లు దిగి వెళ్లి అడగాల్సిన సంగతి. అడిగితే ఆవిడ ఏమంటారో కూడా నాకు తెలుసు. ఆ మెట్ల దాకా వెళ్లి, పైకి చూసి, వెనక్కి వచ్చేశాను.

ఇవాళ కూడా ఉక్కే. కుండ పొట్ట మీద తడి అలాగే నిలిచి ఉంది, ఆరే జాడ లేదు. ఇందాక మా ఆవిడ గ్లాసు ముంచుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చల్లగా లేవండీ."

"ఎందుకంటావు?" అన్నాను.