గడువు బాబాయి

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఏది చూపించినా "ఎప్పటిదాకా?" అంటాడు. కొత్త చెప్పులు చూపిస్తే ఎప్పటిదాకా. కట్టుడు పన్ను పెడుతున్న డాక్టరుని, ఆయన వేలు ఇంకా నోట్లో ఉండగానే, ఎప్పటిదాకా. నా పెళ్ళిలో పెళ్ళికూతురిని పలకరించడం మానేసి, హాలు మేనేజరుని పట్టుకుని "అద్దె ఎప్పటిదాకా?" అని ఆరా తీశాడు. మా ఆవిడ ఇప్పటికీ ఆయనకి పంచదార లేని కాఫీయే ఇస్తుంది.

బాంకులో అప్పుల కాగితాలు సరిచూడడం ఆయన ఉద్యోగం. పక్క బల్ల నాది. ఆయన పుణ్యమా అని ఆయనకి రావలసిన తిట్లలో సగం నాకు పడేవి.

ఒకరోజు ఒక వెల్డరు, వెనకాలే వాళ్ళక్క వచ్చారు. లీజు స్థలంలో వేసుకున్న షెడ్డు తాకట్టు పెట్టి మిషన్లు కొనాలట.

"ఇరవై ఏళ్ళకి రాయించుకున్నానండీ," అన్నాడు వెల్డరు.

"ఎప్పటిదాకా?"

"ఇంకా తొమ్మిదేళ్ళుంది."

"అప్పు పన్నెండేళ్ళు. ఆఖరి మూడేళ్ళూ ఏం పట్టుకోమంటావు, నీ చొక్కానా?"

మేనేజరు అడ్డొచ్చాడు. "షెడ్డుంది కదయ్యా!"

"లీజు పోతే షెడ్డూ స్థలం యజమానిదేనని ఆరో పేజీలో ఉందండీ. ఒక్క విడత అద్దె తప్పినా లీజు రద్దు. మన తాకట్టు గాల్లో కలిసిపోతుంది. పైగా తాకట్టుకి ఆయన ఒప్పుకున్నట్టు సంతకమే లేదు."

"పోనీ, హామీకి వాళ్ళక్క ఇల్లుంది."

బాబాయి మొహం మాడిపోయింది. "అందుకే వద్దంటున్నాను," అని కాగితాలు తోసేశాడు.

"నీ కడుపు చల్లగుండదు!" అని శపించి మరీ వెళ్ళింది ఆ అక్క. నాకూ ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి పిన్నితో చెబితే ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది.

"పాతికేళ్ళ కిందట ఇలాంటి కాగితం మీదే 'సరిచూశాను' అని సంతకం పెట్టారురా. ప్రింటింగు ప్రెస్సు వాడిది. లీజు రద్దయింది, హామీ పెట్టిన వాడి అత్తగారి ఇల్లు వేలం వేశారు. బాంకు తరఫున వెళ్ళింది మీ బాబాయే. ఆ ముసలావిడ పొయ్యి చేత్తో పట్టుకుని వీధిలోకొచ్చింది. అప్పట్నుంచే ఈ జబ్బు."

ఆ నెలంతా బాబాయి మధ్యాహ్నం భోజనానికి కనబడలేదు. అజీర్తి అనుకున్నాను. తీరా చూస్తే రోజూ ఆ స్థలం యజమాని గుమ్మంలో కూర్చుంటున్నాడట. ఆయన కుక్క రెండుసార్లు కరిచింది. మూడోసారికి దానికీ విసుగొచ్చింది, యజమానికీ విసుగొచ్చింది. లీజు ఇంకో పదేళ్ళు పెరిగింది, తాకట్టుకి సంతకం వచ్చింది. అద్దె తప్పితే రద్దు చేసేముందు బాంకుకి చెప్పి ఆరునెలలు ఆగాలన్న షరతూ చేరింది. అప్పు మంజూరైంది, అక్క ఇంటి కాగితాలు ఆమెకే తిరిగి వెళ్ళాయి.

రెండేళ్ళకి నిప్పురవ్వ పడి వెల్డరుకి ఒక కన్ను పోయింది. రెండు విడతల అద్దె తప్పింది. షరతు ప్రకారం నోటీసు మా బాంకుకే వచ్చింది. అద్దె మేం కట్టి అప్పులో కలిపాం. వాడు లేచి మళ్ళీ పనిలో దిగేదాకా షెడ్డు నిలబడింది.

వాడు పనిలో దిగిన మర్నాడు అక్క వచ్చింది. బాంకు మూసే వేళ. బల్ల దగ్గర నిలబడి, తిట్టిన నోటితో ఏమనాలో తెలియక కొంగు నలుపుతోంది.

బాబాయి లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. మేనేజరు గడియారం చూపిస్తున్నా లెక్కచెయ్యలేదు.

"కూర్చోమ్మా. ఎంతసేపైనా కూర్చో."