మొలతాడు కొలిచే నర్సత్త

పోయిన ఆదివారం పొద్దున్నే బట్టల కొట్టు తెరిచి పరుపు దులుపుతుంటే మా బావ ఫోన్ చేశాడు. "ఒరే, నర్సత్త నేదురా. పొద్దున లెగిసి టీ అడిగిందట. కలిపి తెచ్చీసరికి ఎలిపోనాది" అంటూ, అంత భారీ మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే, ఆ టీలో పంచదార వేశారా లేదా అన్న అనుమానం వచ్చి నవ్వూ వచ్చింది. ఊరందరి చేతా పంచదార మానిపించిన ఆవిడ తన గ్లాసులో మాత్రం రెండు చెంచాలు వేయించుకునేది. అడిగితే, "నా సుగరు నానెరుగుదును, నీది నువ్వు సూసుకో" అనేది. ఎనభై రెండేళ్లు అలాగే బతికింది.

రాజాం దగ్గర మా ఊళ్లో ఆవిడ ఎవరికీ చుట్టం కాదు, అందరికీ అత్తే. సర్కారు నర్సు ఉద్యోగం చేసి రిటైరయింది. రిటైరయ్యాక పని మానేస్తుందనుకున్నాం గానీ ఆవిడ అరుగు మీదే దుకాణం పెట్టింది. మా వైపు మగాళ్లు పండక్కో, మైల తీరాకో పాత మొలతాడు తెంపి కొత్తది కట్టుకుంటారు కదా, ఆ పాతదాన్ని పారేయనిచ్చేది కాదు. రెండూ పట్టుకు రమ్మనేది. పక్కపక్కన పరిచి, కొత్తది బెత్తెడు పొడుగుంటే ఇక ఆ మనిషికి మూడినట్టే. "నడుం పెరిగితే గుండెకి బరువురా ఎదవా, తాడుకేటి, ఎంతైనా సాగుతాది" అని తిట్టి, బీపీ చూసి, సుగరు పరీక్షకి తోలేది. టేపుతో కొలుస్తానంటే పారిపోయే మగాళ్లు మొలతాడు తెమ్మంటే మాత్రం బుద్ధిగా తెచ్చేవారు.

నన్ను ఆవిడ పుల్లాయ్ అని పిలిచేది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి మరి. బట్టల కొట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరుపు మీద కూర్చోవడం, వచ్చిన ప్రతి బేరంతోనూ ఒక టీ తాగడం, ఇదే నా పని. మా బావ ధాన్యం బస్తాలు మోసే కళాసీ, మనిషి గుమ్మంలో పట్టడు. "బావా, నీ గుండె ఎంతకాలం మోస్తాదిరా ఆ ఒళ్లు" అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో నేనే అందరికంటే ఎక్కువ ఆటపట్టించేవాణ్ణి.

ఇక నా వెధవ పని చెప్తాను. నాలుగేళ్ల క్రితం నా మొలతాడు బిగుతైంది. అత్త తిడుతుందని భయపడి, దాన్ని బొడ్డు కిందికి జార్చి కట్టుకున్నాను. పొట్ట పైన, తాడు కింద! ఏటేటా రెండు తాళ్లూ సరిసమానంగా తేలేవి. "శభాష్ పుల్లాయ్" అనేది అత్త. నేను మీసం తిప్పేవాణ్ణి.

రెండేళ్ల క్రితం అందరం కలిసి రామతీర్థం వెళ్లాం. కొండ మెట్లు సగం కూడా ఎక్కకుండానే నాకు ఊపిరి అందక కూలబడ్డాను. మా బావ తన కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని పైకెళ్లి దణ్ణం పెట్టుకుని దిగొచ్చాడు, నేనింకా అదే మెట్టు మీద ఉన్నాను. ఎండ దెబ్బ అని సర్దిచెప్పాను. మర్నాడు అత్త అరుగు ముందు నుంచి జారుకోబోతుంటే పిలిచింది.

"ఏటిరా, సెప్పులు బిగుతైనట్టున్నాయి?"

"కొత్తవి అత్తా."

"పాతవే. నాను సూడలేదనుకున్నావా? ఇలా రా."

వాచిన నా పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా నొక్కు అలాగే ఉండిపోయింది. ఆవిడ మొహం మారిపోయింది. చొక్కా ఎత్తి చూసింది, కిందికి జారిన మొలతాడు కనబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దాంతో నాకు భయమేసింది.

"మా నాయిన నీలాగే ఎదురుబద్దలా ఉండీవోడురా. బక్కోడికి గుండె జబ్బేటని మేమెవ్వులం పట్టించుకోనేదు. ఆయాసంతోనే పోనాడు. ఒరే, బక్కోడి సుగరు బొక్కలో పాము. కనబడదు, కరుస్తాది. లెగు."

ఆ పూటే నన్నూ మా ఆవిడనీ ఆటో ఎక్కించి విజయనగరం తీసుకెళ్లింది. సుగరుంది, బీపీ ఉంది, రక్తంలో కొవ్వుంది, వాటన్నిటితో నలిగి గుండె నెత్తుటిని సరిగ్గా తోడలేకపోతోందన్నారు డాక్టరు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే చేయి దాటిపోయేదన్నారు. పక్కనే మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మా బావకీ పరీక్షలు చేయించింది అత్త. అన్నీ బాగున్నాయి. వాడు పళ్లికిలిస్తే ఊరుకుందా? "ఇప్పటికి బస్తాలు నిన్ను కాస్తన్నాయి. రేపు కూకుని తిను, నీ గుండే మూలుగుతాది. ఒకొక్కలికి ఒకొక్క దారిలో వస్తాదిరా ఇది" అంది.

తర్వాత రోజూ సాయంత్రం నాతో చెరకు తోటల దాకా నడిచేది. నేను రొప్పితే ఆగేది, నాకోసం ఆగానని ఒప్పుకునేది కాదు, జుట్టు ముడి సర్దుకుంటున్నట్టు నటించేది. ఇంటికొచ్చాక మా ఆవిడ ముందు ఉప్పు డబ్బా మూత తీసి ఎంత తరిగిందో చూసేది. మందులు వేసుకున్నానో లేదో మాత్రలు లెక్కపెట్టేది. నాకు ప్రాణం విసిగిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రాణం ఉంది గనకనే విసిగింది.

ఆదివారం మధ్యాహ్నం పాడె లేచింది. ముందు కొమ్ముకి నేను భుజం పెట్టబోతే బావ అడ్డమొచ్చాడు, "నీకొద్దురా, గుండె" అన్నాడు. డాక్టరు కిందటి నెలే బరువులెత్తొచ్చన్నారని చెప్పి, వాణ్ణి పక్కకి తోసి ఎత్తుకున్నాను. దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ఇంకా ప్రాణముంటే లేస్తారేమోనని చెవిలో మూడుసార్లు పిలవాలి. ఆవిడ కొడుకు రెండుసార్లు పిలిచాడు, మూడోసారి నువ్వు పిలువన్నట్టు నావైపు చూశాడు. ఊరి చివరి దాకా మోసుకొచ్చినా నాకు ఆయాసం లేదు. నిండా ఊపిరి తీసుకుని, ఆవిడ చెవి దగ్గర వంగి, ఊరంతా వినబడేలా పిలిచాను.

"అత్తా!"

ఒక్క క్షణం అందరూ ఆగి చూశారు. నేనూ చూశాను.