మూడో గుత్తి

డెస్మండ్ పాప్‌వర్త్ ఎల్డర్స్ లోడ్ కాలువకు కాపలాదారు. జీతం లేదు, బిళ్ళ మాత్రం ఉంది. రైల్వే సిగ్నల్ క్యాబిన్లో నలభై ఏళ్ళు చేసి రిటైరయ్యాక, గాలంతో చేపలు పట్టేవాళ్ళ సంఘం ఆ బిళ్ళ ఇచ్చింది. చొక్కాకి తగిలించుకున్నాడు, మళ్ళీ తీయలేదు. స్నానానికైనా తీస్తాడో లేదో భార్య మొరీన్‌కే తెలియాలి. అడిగితే ఆవిడ నవ్వుతుంది గానీ చెప్పదు.

ఆ సంఘానికి పద్నాలుగు నిబంధనలు. పదమూడు పాతకాలపు పెద్దలు రాసినవి. పద్నాలుగోది డెస్మండ్ రాసింది: పైక్ చేపకు వేసే ఏ గాలం దారానికైనా రెండు గుత్తులకు మించి ఉండరాదు. మూడు కొక్కేలు వీపులు ఆనించుకుని ఒకటిగా అతుక్కుంటే అది గుత్తి.

ఆ నిబంధన ఊరికే పుట్టలేదు. పదేళ్ళ కిందట ఎవరో నాలుగు గుత్తులు కట్టి పెద్ద పైక్‌ను పట్టారు, పట్టిన చేపను తూచి మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి గనక, కొక్కేలు విడిపించలేక డెస్మండ్‌ను పిలిచారు. పైక్‌కు నోటినిండా పళ్ళేగానీ ప్రాణం మహా సున్నితం. ఇరవై నిమిషాలు పటకారుతో కుస్తీ పట్టాడు. ఒక కొక్కెం తీస్తే ఇంకొకటి మొప్పలో దిగింది. చేప అతని చేతుల్లోనే పోయింది. అతను ఇంటికెళ్ళి చేతులైనా కడుక్కోకుండా ఆ నిబంధన రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ కాస్త నీచువాసన వేస్తుందని సంఘంలో ఎకసెక్కం.

అప్పటినుంచీ గట్టుమీద ఎవరు కనబడ్డా పెట్టె తెరిపించి చూసేవాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, పైక్ దారానికి రెండే గుత్తులు.

రెండేళ్ళ కిందట ఈ పట్టుదల క్లైవ్ సెచెల్‌కు తగిలింది. క్లైవ్ అతనికి బడినాటి స్నేహితుడు, చక్కెరదుంపల రైతు. ఏటా అందరికన్నా పెద్ద పైక్ పట్టినవాడి పేరు పబ్బులో పొయ్యి పైనున్న బోర్డుమీద బంగారు అక్షరాలతో ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళుగా వీళ్ళిద్దరి పేర్లూ దానిమీద లేవు. ఆ ఏడు క్లైవ్ ఇరవై రెండు పౌండ్ల చేపను పట్టాడు. దారానికి చూస్తే మూడు గుత్తులు. ఆ చేప లెక్కలోకి రాదని డెస్మండ్ తేల్చేశాడు.

"మూడోది దానికి తగల్లేదు కూడా, డెస్," అన్నాడు క్లైవ్.

"చేపనడిగి నిబంధన రాయలేదు," అన్నాడు డెస్మండ్.

తీర్పులో తప్పులేదు. కానీ అంత చేపను చూసి కూడా ఒక్క మంచిమాట అనలేదు. ఆ తర్వాత క్లైవ్ అతనితో వాన గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఈ నవంబరులో డెస్మండ్ పుట్టినరోజుకి మొరీన్ ఈలీ సంతలో ఒక చెక్కచేప కొంది. పచ్చటి ఒళ్ళు, ఎర్రటి తోక, కింద కొక్కేలు. చచ్చిన చేపను ఎరగా కట్టడమే డెస్మండ్‌కు తెలిసిన విద్య. చెక్కచేపలు పట్నంవాళ్ళ ఆటబొమ్మలని అతని అభిప్రాయం.

"నువ్వు దాన్ని నీళ్ళలో వెయ్యకపోతే నేను స్నానాల తొట్టిలో వేసి ఆడుకుంటా," అంది మొరీన్.

శనివారం పొద్దున్నే కాలువకు వెళ్ళాడు. పదిసార్లు విసిరి, వేశానని మొరీన్‌తో చెప్పడానికే. అందరి పెట్టెలూ వెతికే మనిషి తన చేతిలోదాన్ని ఒక్కసారి తిరగేసి చూడలేదు. దాన్ని బొమ్మ అనుకున్నాడు గానీ గాలం అనుకోలేదు.

ఏడోసారి విసిరినప్పుడు కాలువ అడుగు లేచి నడిచినట్టయింది. కొంచెం అవతల కూర్చున్న క్లైవ్ పిడివల పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వయసు డెబ్భై, మోకాళ్ళు ఇంకా పాతవి, అయినా వచ్చాడు. ఇద్దరూ కలిసి చేపను గట్టుకి తెచ్చారు, కళ్ళు చేపమీదే ఉంచి కొక్కెం తీశారు, క్లైవ్ తెచ్చిన కాటామీద తూచారు. ఇరవై నాలుగు పౌండ్ల ఆరు ఔన్సులు. నీళ్ళలో నిలబెడితే తోక ఒక్కసారి ఆడించి వెళ్ళిపోయింది.

"మంచి చేప, డెస్," అన్నాడు క్లైవ్.

అప్పుడు క్లైవ్ ఆ చెక్కచేపను చేతిలోకి తీసుకుని తిరగేశాడు. తోక కింద ఒక గుత్తి. పొట్ట కింద ఒకటి. గొంతు కింద ఇంకొకటి.



"కంచే చేను మేసిందే," అన్నాడు క్లైవ్ మెల్లగా. "ఇది ఏ నిబంధనోయ్? పదమూడా, పద్నాలుగా?"

డెస్మండ్ చెక్కచేపను అందుకుని గుత్తులు మళ్ళీ లెక్కపెట్టాడు.

"పటకారు నీ జేబులోనే ఉందిగా. ఒక గుత్తి పీకేస్తే చూసేదెవరు? నేనా? నాకు కంట్లో పొర."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడూ తినేవాడూ ఒక్కడే. డెస్మండ్ పటకారు తీశాడు. బోర్డుమీద తన పేరు కళ్ళముందు కనబడింది, బంగారు రంగుతో సహా. చెక్కచేప గొంతు దగ్గర పటకారు ఆనించాడు. తర్వాత పటకారును జేబులో పెట్టుకున్నాడు.

పబ్బులో సంఘం కార్యదర్శి ఏవ్రిల్ ఫొవార్గ్ రెండు పుస్తకాలతో కూర్చునుంది. ఒకటి తూకాలది, ఒకటి తప్పులది.

"ఏ పుస్తకం?" అంది.

"రెండోది," అన్నాడు డెస్మండ్.

తప్పు చేసినవాడి పేరు: డి. పాప్‌వర్త్. పట్టుకున్న కాపలాదారు: డి. పాప్‌వర్త్. శిక్ష: రెండు వారాలు కాలువకు రాకూడదు. పుస్తకంలోంచి చీటీ చింపి జేబులో పెట్టుకోబోయాడు.

"కాపలాదారు తన చేత్తో ఇవ్వాలి," అంది ఏవ్రిల్. "పద్ధతంటే పద్ధతే."

డెస్మండ్ ఆ చీటీని కుడిచేతి నుంచి ఎడమచేతికి ఇచ్చుకున్నాడు. పబ్బంతా గ్లాసులు వదిలేసి చూసింది. మామూలుగా అయితే అతనికి ఒళ్ళు మండేది. ఇవాళ మండలేదు. తిన్నగా క్లైవ్ దగ్గరికి వెళ్ళాడు.

"నీ ఇరవై రెండు పౌండ్లది," అన్నాడు. "అది మంచి చేప. ఆ రోజే అనాల్సింది."

క్లైవ్ బీరు ఒక గుక్క తాగాడు. "రెండేళ్ళు. నువ్వు సిగ్నల్ వేసే రోజుల్లో బండ్లు కూడా ఇంత ఆలస్యం కాలేదు," అని పక్క కుర్చీని కాలితో ఇవతలికి నెట్టాడు. డెస్మండ్ కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి మొరీన్ ఆలుగడ్డలు చెక్కు తీస్తోంది.

"నా చేప పనిచేసిందా?"

"చేసింది."

"మరి రేపు కూడా వెళ్తావా?"

"రెండు వారాలు ఇంట్లోనే ఉంటా."

ఆవిడ అతని జేబులోంచి బయటికొచ్చిన చీటీ లాగి చదివింది. రెండోసారి కూడా చదివింది. కత్తి పక్కన పెట్టింది.

"రెండు గుత్తులది కూడా ఉంది ఆ కొట్లో," అంది. "మూడైతే నీకు బాగా పడుతుందని, ఇంకో రెండు పౌండ్ల డబ్బు ఎక్కువిచ్చి ఇదే తెచ్చాను."

డెస్మండ్ చొక్కాకున్న బిళ్ళ తీసి బల్లమీద పెట్టి, ఆవిడ పక్కన కూర్చుని ఒక ఆలుగడ్డ అందుకున్నాడు.

"బాగానే పడింది, మొరీన్," అన్నాడు.