తూము మూసిన ఇల్లు

పిచ్చియ్య ముప్పై ఏళ్లుగా ఇళ్లలో బండలు పరుస్తున్నాడు. ఒక్క ఇంట్లోనూ నవ్వుతూ పరచలేదు. లారీలో వచ్చిన నాపబండను నిలబెట్టి సుత్తి పిడితో కొట్టేవాడు. ఖంగున మోగితే లోపలికి, మొద్దుగా పలికితే రోడ్డు పక్కకి. మోగినదాని మీద చెంబెడు నీళ్లు పోసి బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేలోగా నీళ్లు పీల్చుకుంటే ఆ బండ కూడా రోడ్డు పక్కకే. ఇంటాయన ఏమన్నా అనబోతే, "అయితే నువ్వే పరుచుకో" అని సంచి సర్దేవాడు. మాచవరంలో ఆయన నోటిని మెచ్చినవాడు లేడు. పనికి వంక పెట్టినవాడూ లేడు, 1986 వానాకాలం దాకా.

ఆ ఏడు అదే ఊళ్లో వీరయ్య తన హాల్లో బండలకు వంక పెట్టాడు. "పిచ్చిగాడు పరిచినవి ఊట బండలు. అడుగునుంచి తేమ లాగుతున్నయ్" అన్నాడు. అన్నది కూడా ఎక్కడో కాదు, పిడుగురాళ్లలో ఖాజా మొహిద్దీన్ ముందు. సున్నం లారీలున్న ఖాజా ఆరు గదుల ఇల్లు కడుతున్నాడు. ఆ బండల పని పిచ్చియ్యకే అనుకున్నారు. వీరయ్య మాట విన్నాక, "ఆలోచించి చెబుతా" అని ఖాజా కబురు పంపాడు. పిచ్చియ్యకు యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. అంత పెద్ద పని మళ్లీ దొరకదని ఆయనకు తెలుసు. ఊట బండలు తెచ్చాడన్న పేరు పడితే చిన్న పని కూడా దొరకదు.

అంతకు కొన్ని నెలల ముందు వీరయ్య గుంటూరులో ఒక డాక్టరు ఇంట్లో చెక్క డిజైను ప్లాస్టిక్ షీటు చూసొచ్చాడు. అలాంటిదే తెచ్చి, హాల్లో బండల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అంటించాడు. పిచ్చియ్య ఇరవై ఏళ్ల కిందట పరిచిన బండలు కనబడకుండా పోయాయి. షీటు వేసినవాడు వెళ్తూ వెళ్తూ, "నీళ్లు పోయకండమ్మా, పిండిన గుడ్డతో తుడవండి" అని చెప్పాడు. వీరయ్య భార్య యశోద తలూపింది. రెండు నెలలు తిరిగేసరికి షీటు బొబ్బలెక్కింది. కాలు పెడితే కింద బుడుక్కుమంది. అత్తరు చల్లినా కంపు పోలేదు.

శుక్రవారం పొద్దున పిచ్చియ్య ఖాజాను వెంటబెట్టుకుని వీరయ్య గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏం మొహం పెట్టుకొని వచ్చావురా?" అన్నాడు వీరయ్య కుర్చీలోంచి లేవకుండా.

"నా మొహం సంగతి తర్వాత. బండలు ఊరుతున్నాయన్నారంట. చూద్దామని వచ్చా."

"చూసేదేంది? నీ పాడు రాళ్లు బంగారమంటి షీటును తినేసినయ్."

పిచ్చియ్య ఆయన్ను వదిలేసి లోపలికి చూశాడు. "యశోదమ్మా, ఇల్లు కడిగావా?"

"ఇంకా లేదు. నీళ్లు తోడి పెట్టుకున్నా."

"షీటోడు నీళ్లు పొయ్యొద్దన్నాడుగా?"

"శుక్రవారం కడగకుండా దీపమెట్టా పెడతా పిచ్చియ్యా? వాళ్ల ఇళ్లల్లో తుడుచుకుంటారేమో."

ఖాజా నవ్వు ఆపుకోలేకపోయాడు. వీరయ్య భార్య వైపు కొరకొరా చూశాడు.

"అయితే కడుగమ్మా. ఎప్పుడూ కడిగినట్టే" అన్నాడు పిచ్చియ్య.

"నా ఇంట్లో నీ పెత్తనమేందిరా?"

"కడగనీయండి వీరయ్య గారూ. ఇంత దూరం వచ్చా, నేనూ చూస్తా" అన్నాడు ఖాజా.

యశోద బిందెలు గుమ్మరించింది. నీళ్లు షీటు మీద జారి ఈశాన్యం మూలకు చేరాయి. నీళ్లు ఆ మూలకే పారేలా అప్పట్లో రసమట్టం పెట్టి వాటం తీసింది పిచ్చియ్యే. మూలలో జానెడు మేర నిలిచిన నీళ్లు, చూస్తుండగానే గోడ అంచున షీటు కిందికి ఇంకిపోయాయి.

"ఎటు పోయినయ్?" అని పిచ్చియ్య అడిగాడు.

బురద కాళ్లతోనే లోపలికి నడిచాడు. మూలన గొంతుక్కూర్చుని, మొలలోని కత్తి తీసి షీటును అడ్డంగా కోశాడు.

"ఒరేయ్! ఒరేయ్!" అంటూ వీరయ్య లేచొచ్చాడు. అప్పటికే పిచ్చియ్య షీటు మూలను ఊడబీకి పక్కన పడేశాడు. గోడ అడుగున, కడిగిన నీళ్లు పెరట్లోకి పోయే తూము సిమెంటుతో పూడ్చి ఉంది. షీటు చదునుగా కూర్చోవాలని అంటించినవాడు చేసిన పని అది. పిచ్చియ్య ఉలితో నాలుగు దెబ్బలు వేశాడు. ఐదో దెబ్బకు నల్లటి నీళ్లు గడగడమని పెరట్లోకి దూకాయి. పెరట్లో కోళ్లు అరుస్తూ చెదిరాయి. ఖాజా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

పిచ్చియ్య తన తువ్వాలుతో ఒక బండను పొడిగా తుడిచి, బీడీ ముట్టించాడు. బీడీ అయ్యేదాకా నలుగురూ ఆ బండనే చూశారు. దాని మీద తేమ చుక్క పుట్టలేదు.

"అసలు హాల్లో తూము ఎవడు పెట్టమన్నాడ్రా నిన్ను?" అన్నాడు వీరయ్య.

"మీ అమ్మ."

వీరయ్య వెళ్లి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"సోమవారం రా మేస్త్రీ. ప్రతి గదికీ తూము పెట్టు" అన్నాడు ఖాజా.

పిచ్చియ్య గడప దాటుతుంటే యశోద వెనకే వచ్చింది. "ఆ కోసిన అంచు కొంచెం సరిచేసి పో పిచ్చియ్యా. చూడలేకుండా ఉంది."

"షీటోణ్ణి పిలుచుకో అమ్మా" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

సోమవారం ఖాజా ఇంటి ముందు మొదటి లారీ బండలు దిగాయి. పిచ్చియ్య మధ్యాహ్నానికి పద్నాలుగు బండలు రోడ్డు పక్కకు నెట్టించాడు. ఖాజా ఏదో అనడానికి దగ్గరికొచ్చాడు.

"నువ్వే పరుచుకో సాయిబూ" అని పిచ్చియ్య సంచి అందుకున్నాడు. ఖాజా నోరు మూసుకుని లారీ డ్రైవరును కేకేశాడు, ఆ పద్నాలుగూ వెనక్కి ఎక్కించమని.